సొర నూనె పూసిన కారు

పరిశుద్ధ గ్రంథం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. పెట్టింది ఎడమచెయ్యి. కుడిచేత్తో రాయాలి కదా, అందుకని. దానికి వేరే అర్థాలు తీయవద్దని మనవి.

మా బావ కారు కొన్నది అరవైల మొదట్లో. బావ అంటే మా అక్క మొగుడు, మా మేనత్త కొడుకు. వాకాడు దాటి సముద్రం వైపు పోతే, సరుగుడు తోపుల పక్కన ఊరు. ఒకవైపు వరి పొలాలు, ఇంకోవైపు ఉప్పుగాలి. మా ఇల్లూ ఆ ఊళ్ళోనే, బావ వాళ్ళ వెనక వీధిలో. నాకప్పటికి పాతికేళ్ళు నిండలేదు. ఉప్పుమళ్ళ దగ్గర గుమాస్తా పని. మిగతా వేళంతా బావతోనే.

కారు నల్లది. మద్రాసులో ఎవరో డాక్టరు వాడి వాడి విసిగిపోయి వదిలించుకున్నది. ముందు భాగంలో ఇనప కడ్డీ దూర్చి తిప్పితే, దానికి మనసైతే, లేచేది. ఊళ్ళో దాన్ని తాకే అర్హత ఉన్నవాడు బావ ఒక్కడే. ఎందుకంటే పొలంలో ఆయిలింజను ఆగిపోయినప్పుడల్లా బావ దాన్ని రెంచీతో నాలుగు దెబ్బలు కొట్టేవాడు, అది భయపడి నడిచేది. ఆ చదువుతోనే కారు వైద్యానికీ దిగాడు.

"గూడూరు నించి మెకానిక్కును పిలిపిస్తే పోలా?" అని నేను ఒకసారి అన్నాను.

"ఒకసారి రానిచ్చినామంటే రోజూ వస్తాడు బామ్మర్దీ. మనకు చేతులు లేవా?" అన్నాడు బావ.

చేతులు ఉన్నాయి. అదే వచ్చిన చిక్కు. రేడియేటరు కారుతుంటే రాగిపిండి వేశాం, ఉబ్బి చిల్లు మూసేస్తుందని. మూసేసింది. మర్నాడు మూత తీస్తే లోపల సంగటి ఉడికి ఉంది. మా అత్త వచ్చి వంగి చూసి, "ఉప్పేసినారా?" అని అడిగి వెళ్ళిపోయింది. ఇంకోసారి ట్యూబు చిరిగితే టైరు నిండా ఎండుగడ్డి కూరాం. బండి బాగానే నడిచింది గానీ, మా ఎద్దులు రెండూ పలుపులు తెంపుకుని ఆ చక్రం వెంట పడ్డాయి.

ఇదంతా తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది కారు కాదు, ఆ వాకిలి. సాయంత్రం గాలి తిరిగి సముద్రం వైపు నుంచి కొట్టేది. పెదవుల మీద ఉప్పు తగిలేది. బావ కారు కింద పడుకుని కాళ్ళు మాత్రం బయట పెట్టి ఉండేవాడు. అక్క లాంతరు తెచ్చి ఆ కాళ్ళ దగ్గర పెట్టి, "లోపల మనిషి ఉండాడా, కాళ్ళేనా?" అనేది.

అక్క ఎస్సెల్సీ చదివింది. టీచరు కావాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ కోరిక. గూడూరులో టీచర్ల ట్రైనింగుకు దరఖాస్తు పెడితే, ఫలానా సోమవారం ఇంటర్వ్యూకు రమ్మన్నారు. బావకు ఇష్టమే. ఇష్టం లేనిది అత్తకు. మా అత్త చిన్న మనిషి కాదు. చర్చిలో ఆడవాళ్ళ వైపు మొదటి చాప ఆమెది. పాస్టరు అయ్యగారు కూడా ప్రసంగం ఎప్పుడు ముగించాలో ఆమె ముఖం చూసి తెలుసుకునేవారు.

"చదువు మంచిదే," అంది అత్త. "పొయ్యేది ఎట్టా? ముక్కూ మొహం తెలీని మొగోళ్ళ మధ్యన నా కోడలు బస్సులో నిలబడి పోవాల్నా? అది జరగదు."

"బస్సెందుకత్తా? కారుండాదిగా," అన్నాను నేను.

అత్త నా వైపు చూసింది. తర్వాత కారు వైపు చూసింది. రెంటి మీదా ఆమెకు ఒకే అభిప్రాయం.

"సరే. ఆ కారు గూడూరు దాకా పొయ్యి, మళ్ళీ నా వాకిట్లోకి వస్తే చదువుకోనీ. మధ్యలో ఆగిందా, దేవుడికి ఇష్టం లేదని లెక్క. ఇంక ఆ మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు."

అత్త లోపలికి పోయాక అక్క మా ఇద్దరినీ పక్కకు పిలిచి, "మీకు దణ్ణం పెడతా. సోమారం దాకా దాన్ని ఎట్టుండాదో అట్టే ఉంచండి. ఏమీ బాగుచెయ్యబాకండి," అంది.

ఆ మాట విన్నామా, మేము?

శనివారం పొద్దున బావ సముద్రం ఒడ్డుకు పోయి ఒక పెద్ద డబ్బాతో వచ్చాడు. మూత తీయకముందే అందులో ఏముందో ఊరందరికీ తెలిసింది. సొర నూనె. సొరచేప కాలేయాన్ని కరగబెట్టి తీస్తారు. చేపల పడవలకు చెక్క కుళ్ళకుండా ఏటా పూసేది అదే. దాని వాసన తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళకు ఎలా చెప్పాలి? ఎండలో మర్చిపోయిన చేపకు జ్వరం వస్తే ఎలా ఉంటుందో, అలా.

"పడవ ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో ఉండి చెడలా. ఈ కారు ఒట్టి ఉప్పుగాలికే తుప్పు పట్టిపోయె. ఎందుకు? నూనె పడక," అన్నాడు బావ.

"పడవ చెక్కది, కారు ఇనపది కదండీ," అంది అక్క వంటింటి గుమ్మం దగ్గర నుంచి.

"ఉప్పుకు ఏదైనా ఒకటే."

నేను కూడా తలూపాను. అప్పుడు నాకది గొప్ప శాస్త్రంలా అనిపించింది. కారును తాటిమొద్దుల మీదికి ఎత్తి, కొబ్బరిపీచు నూనెలో ముంచి, అడుగున అంగుళం వదలకుండా పూశాం. చక్రాలు కూడా ఊడదీశాం. లోపల గుండ్రటి ఇనప డిప్పలు, వాటి మధ్య అరిగిపోయిన పట్టీలు. పొడి దుమ్ముతో, పాపం, నాలిక ఆరిపోయినట్టు ఉన్నాయి.

"చూస్తివా బామ్మర్దీ, ఎంత ఎండిపొయ్యుండాయో. ఇన్నేళ్ళకు ఎవుడూ చుక్క నూనె పొయ్యలా."

జాలి పడి, మిగిలిన నూనెంతా వాటికే తాగించాం. బ్రేకు పట్టుకునేది ఆ డిప్పల్లోనేననీ, పొడిగా ఉంటేనే పట్టుకుంటుందనీ మాకు తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు. మా ఊళ్ళో అంతా ఇసక. గేరు తీస్తే చాలు, బండి నాలుగు బారలు పోయి తనే కూలబడేది. బ్రేకు తొక్కాల్సిన అవసరం బావకు ఎప్పుడూ పడలేదు.

ఆదివారం ఆ కారులోనే చర్చికి పోయాం. ఆ రోజు వాక్యం, పెద్ద చేప కడుపులో పడ్డ ప్రవక్త గురించి. అయ్యగారు "ఆ చీకటిలో, ఆ కంపులో" అనేసరికి గాలి మా కారు మీదుగా తిరిగింది. ఆ వాక్యం మా సంఘానికి అంతకు ముందుగానీ తర్వాతగానీ అంత బాగా అర్థం కాలేదు. బయటికి వచ్చి చూస్తే ఊళ్ళో ఉన్న పిల్లులన్నీ కారు చుట్టూ వరసలు కట్టి, భక్తిగా, కదలకుండా కూర్చుని ఉన్నాయి.

"సంఘం పెరిగింది," అన్నారు అయ్యగారు, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని.

సోమవారం తెల్లవారగానే బయలుదేరాం. నీలం అంచు తెల్ల చీర కట్టుకుని, చేతిరుమాల్లో గూడూరు నిమ్మకాయ ఒకటి చుట్టుకుని, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అక్క వెనక సీట్లో కూర్చుంది. అత్త అరుగు మీద నిలబడి చూస్తోంది. మా వెనక ఊరి కుక్కలు. ఏటి ఇసకలో పొలాలకు పోయేవాళ్ళు తోసి దాటించారు. పడవల మీద తిరిగినట్టు గద్దలు మా నెత్తిన తిరిగాయి. వాటి నీడలు రోడ్డు మీద మాకంటే ముందు పోయాయి.

అలా చుట్టూ తిరిగి చిల్లకూరు దగ్గర మద్రాసు రోడ్డు ఎక్కాం. తారు రోడ్డు. నున్నగా, గట్టిగా, ఇసక లేకుండా. కారుకు ప్రాణం లేచి వచ్చింది. ముందు కాలవ వంతెన, దాని దిగుడులో గేదెల మంద. బావ బ్రేకు తొక్కాడు.

"బామ్మర్దీ, పట్టలా."

"గట్టిగా తొక్కు బావా."

"తొక్కతానే ఉండా. పాయసంలో కాలు పెట్టినట్టుండాది."

వెనక నుంచి అక్క గొంతు, చాలా నెమ్మదిగా. "చక్రాల లోపల ఏమన్నా పూసినారా?"

బావ నా వైపు చూశాడు, నేను రోడ్డు వైపు చూశాను.

"రేయ్, నిన్నే. పూసినారా?"

"కొంచెం," అన్నాను.

"కొంచెం అంటే?"

"సగం డబ్బా."

గేదెలు వాసన తగిలి రెండుగా చీలి దారి ఇచ్చాయి. వాటి మధ్య నుంచి దూసుకుపోయాం. అలాగే గూడూరు. అలాగే బజారు. నిమ్మకాయల బండ్లవాళ్ళు బుట్టలు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ట్రైనింగు స్కూలు గేటు తెరిచే ఉంది. లోపల పెద్ద ఆవరణ. కారు ఆగదు కాబట్టి బావ దాని చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. మొదటి చుట్టులో అక్క చేతిసంచి దించాం. తర్వాతి చుట్టులో టిఫిను క్యారియరు. ఆ తర్వాత అక్క, కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కదిలే కారులోంచి సరిగ్గా ఆఫీసు మెట్ల మీద అడుగు పెట్టింది. కిటికీలోంచి చూస్తున్న స్కూలు పెద్దమ్మగారు, "ఇంత ధైర్యం ఉన్న పిల్ల పిల్లకాయల్ని అదుపులో పెట్టగలదు," అని అక్కడే సీటు ఇచ్చేశారట. ఇంటర్వ్యూ అయ్యేదాకా మేము చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. సాయంత్రం అక్కను అలాగే కదిలే కారులోకి ఎక్కించుకుని ఇంటికి వచ్చేశాం.

ఇక్కడ ఎడమచెయ్యి కొంచెం వేడెక్కుతోంది. గ్రంథం మీద నుంచి తీయడమే మంచిది.

గూడూరు కల్పితం. కారు గూడూరు పోలేదు. వంతెన దిగగానే బావ స్టీరింగు తిప్పి పక్కనున్న నారుమడిలోకి దించాడు. బురద పట్టుకుంది. గేదెలకు దెబ్బ తగలలేదు, మాకూ తగల్లేదు. ఆ బురద వాసన, సొర నూనె వాసన కలిసిపోయాయి. బావ స్టీరింగు మీద తల ఆనించుకున్నాడు. "అయిపాయ," అన్నాడు.

అక్క దిగింది. కాలవలో కాళ్ళు కడుక్కుంది. చీర సర్దుకుంది. దూరంగా బస్సు వస్తోంది.

"మీరు కారు సంగతి చూసుకోండి. నేను పోయొస్తా."

"అక్కా, అత్త..." అన్నాను.

"అత్తకు చెప్పాల్సిన కత నువ్వు చూసుకో. అది నీకు చేతనవును."

రోడ్డు మధ్యలోకి పోయి చెయ్యి ఎత్తింది. మా అక్క అంతకు ముందు ఒంటరిగా బస్సు ఎక్కిన మనిషి కాదు. తెల్లటి చెయ్యి కూడా కాదు అది, పొయ్యి దగ్గర కాలిన మచ్చలున్న మామూలు చెయ్యి. నా జ్ఞాపకంలో అది ఇంకా దిగలేదు. బస్సు ఆగింది, కిక్కిరిసి ఉంది. అక్క ఎక్కేసింది.

ఎద్దుల్ని అడిగి తెచ్చి కారును బయటికి లాగి, కిరసనాయిలుతో చక్రాల లోపల తుడిచి, ఆరబెట్టేసరికి పొద్దు వాలింది. సాయంత్రం బస్సు దిగిన అక్క ముఖం చూస్తేనే సీటు వచ్చిందని తెలిసింది. దారి పొడుగునా నేను కథ కట్టాను. చేతిసంచి, క్యారియరు, మెట్లు, అన్నీ అప్పుడు పుట్టినవే. అప్పజెప్పమంటే బావ రెండుసార్లు తప్పు చెప్పి నాచేత తిట్లు తిన్నాడు.

అత్త అరుగు మీదే ఉంది. నేను చేతులు తిప్పుతూ అంతా చెప్పాను. అయ్యాక అత్త లేచి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెంట వచ్చిన కుక్కల్ని చూసింది.

"ఇవన్నీ మనూరి కుక్కలు. ఆ చెవి తెగింది చిల్లకూరు కుక్క, సంతలో చూసినా. కారు గూడూరు పొయ్యుంటే, ఒక్కటంటే ఒక్క గూడూరు కుక్కన్నా వెంట రాకుండా ఉంటాదా?"

ఇన్ని కథలు కట్టినవాణ్ణి, కుక్కల లెక్క మాత్రం మర్చిపోయాను.

అత్త అక్క వైపు తిరిగింది. "బస్సులో కూర్చునేదానికి చోటిచ్చినారా?"

అక్క తలెత్తి నిజమే చెప్పింది. "లేదత్తా. నిలబడే పోయినా."

"మొగోళ్ళు మీద మీద పడినారా?"

"చేప కంపుకు ఒక్కరూ దగ్గరికి రాలా. నా చుట్టూ మంచం వేసుకునేంత చోటు."

అత్త ముక్కు పుటాలు ఒకసారి అదిరాయి. నవ్వు ఆపుకోవడానికే అనుకుంటాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలికి పోతూ అంది:

"ఆ డబ్బాలో ఏమన్నా మిగిలుంటే పారబొయ్యబాకండి. అమ్మాయి బస్సుకు పొయ్యేటప్పుడు కొంగుకు ఒక చుక్క అంటించి పంపించండి."

అక్క చదివింది. టీచరయింది. మా పక్క పల్లెల్లో ఆమె దగ్గర దెబ్బలు తినని మగపిల్లలు తక్కువ. కారు చివరికి కోళ్ళగూడయింది. కోళ్ళు కూడా ఆ అడుగుభాగం వైపు పోయేవి కావు. బావ, అత్త ఇద్దరూ ఇప్పుడు లేరు. చేపల పడవల పక్కగా నడిచినప్పుడు ఆ వాసన తగిలితే, చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను గట్టిగా పీల్చుకుంటాను.

గూడూరు దగ్గర అబద్ధమాడినట్టు ఒప్పుకున్నాను. చర్చి ముందు పిల్లుల సంగతి మాత్రం నిజం. కావాలంటే కుడిచెయ్యి పెడతాను, రాయడం అయిపోయింది కదా.