మీటలు ఆగిన మధ్యాహ్నం

సినిమా ఆఫీసులో పని అంటే యూసుఫ్‌గూడలో మా వీధివాళ్ళు ఏ హీరోని చూశావని అడిగేవాళ్ళు. నేను రోజూ చూసింది వినికిడి పోయిన ఒక పెద్ద మాటల రచయితని. జూబ్లీ హిల్స్‌లో స్టోరీ సిట్టింగులకి ఆయన పక్కన కూర్చుని, ఎవరేమన్నా అప్పటికప్పుడు షార్ట్‌హ్యాండ్ మెషీన్ మీద కొట్టేదాన్ని. హార్మోనియం మీద వేళ్ళు వేసినట్టు నాలుగైదు మీటలు కలిపి నొక్కితే, ఆయన ముందున్న ట్యాబ్‌లో మాట పడేది.

దీనికి మనిషెందుకు, ఫోన్‌లో యాప్‌లున్నాయిగా అని నన్ను చాలామంది దెప్పారు. నలుగురు ఒకేసారి అరిచే సిట్టింగులో ఏ యాప్ అయినా చేతులెత్తేస్తుంది. నేను మాత్రం దగ్గుని కూడా వదిలేదాన్ని కాదు, ఎవరైనా టీ చెప్పినా కొట్టేదాన్ని. ఏది కావాలో ఏది వద్దో తనే చూసుకుంటానని ఆయన మొదటిరోజే చెప్పారు.

ఎవరైనా జోకు వేస్తే, ట్యాబ్‌లో చదివాక గానీ నవ్వరు గనక ఆయన నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చేది. మొదట్లో ఆయన నవ్వేదాకా అందరూ ఆగేవాళ్ళు. రానురాను ఆగడం మానేశారు. నాకు ఒళ్ళు మండేది, కానీ నా పని కొట్టడమే.

ఆ మధ్యాహ్నం కుర్ర డైరెక్టర్ నావైపు చెయ్యెత్తాడు. "అక్కా, జర ఆపు." తర్వాత నిర్మాత వైపు తిరిగి, "సార్, పెద్దాయన మాటలు ఇప్పుడు ఎవరింటరు? వేరేటోళ్ళను పెడదాం" అన్నాడు.

"ఆయన ఎదురుగానే ఏంటండీ?" అన్నాడు నిర్మాత ఇబ్బందిగా.

"చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే గదా సార్."

నా వేళ్ళు కదల్లేదు. భయం కొంత, ఆయన మీద జాలి కొంత. ఆయన ట్యాబ్‌ని వేలితో తట్టారు, మెషీన్ ఆగిందేమోనని. నేను గబగబా కొట్టాను: "ఏసీ సరిగా పనిచేయట్లేదంటున్నారు."

ఆయన అందరి మొహాలూ చూశారు. ఏసీ వైపు ఒక్కరూ చూడట్లేదు. పెన్నుకి క్యాప్ పెట్టి, వస్తానని చెప్పి లేచారు. నేను మెషీన్ అక్కడే వదిలేసి వెనకాలే పరిగెత్తాను.

గేటు దగ్గర కారు కోసం నిలబడ్డారు. "వేరేవాళ్ళని పెడుతున్నారా?" అని అడిగారు. తలూపాను. ఏడుపొచ్చేసింది. మీరు బాధపడతారని ఆపాను సార్ అని ఫోన్‌లో టైపు చేసి చూపించాను.

ఆయన చదివి ఫోన్ నా చేతిలో పెట్టారు.

"వాళ్ళ సంగతి నాకు కొత్త కాదమ్మా. నా చెవులు పోయి చాలా ఏళ్ళయింది. చెవిటివాణ్ణని మాత్రం ఇవాళే అనిపించింది."