నాయన వెతికిన దుమ్ము

కోలారు బంగారు గనులు మూతపడ్డాక మా చాంపియన్ రీఫ్స్‌లో ఎవరి కన్ను ఎర్రబడినా నేరం సైనైడ్ దిబ్బదే. సైనైడ్‌తో బంగారం తీసేసిన మట్టిని గుట్టలుగా పోసి వెళ్ళిపోయారు. గాలి లేస్తే ఆ పొడి అన్నంలోకి కూడా వచ్చేది. కంట్లో పడితే మా నాయన ఉన్నాడు. గనిలో పనిచేసిన రోజుల్లో రాతి నలుసులు తీయడంలో ఆయనకు పెద్ద పేరు. అగ్గిపుల్ల మీదికి రెప్పను మడిచి, తడిపిన పంచె కొసతో ఒక్క తుడుపు, అంతే. గని కూలీల లైన్ ఇళ్ళవాళ్ళందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు.

నా ఎడమ కన్ను ఎర్రబడినప్పుడూ అదే చేశాడు. ఏమీ దొరకలేదు. మర్నాడు మళ్ళీ వెతికాడు.

"లోపల యాడనో ఉండాది మ్మా. కదలగాకు."

మూడు వారాలు అలా రోజూ రెప్ప అప్పగించి కూర్చున్నాను. వెలుతురు పడితే కన్ను పొడిచినట్టుండేది. రోజూ రైల్లో పోయొచ్చే బెంగళూరు గార్మెంట్స్‌లో మిషన్ సూదికి దారం ఎక్కించలేక తిట్లు తిన్నాను. అయినా ఆస్పత్రి మాట ఎత్తలేదు. నాయనకు చేతకాలేదని ఒప్పుకోవడం నాకే ఇష్టం లేకపోయింది. నా బుద్ధి గడ్డి తింది.

చివరికి కోలారులో డాక్టరమ్మ ఒక యంత్రంలోంచి సన్నటి వెలుగు గీతను కంట్లోకి వేసి చాలాసేపు చూసింది. కంటిపాప ముందుండే నీటిలో తెల్ల రక్తకణాలు తేలుతున్నాయట. ఒంటిని క్రిముల నుంచి కాపాడాల్సినవి, ఏ క్రిమీ లేకుండానే నా కంటి మీద వచ్చి పడ్డాయి. ఆ వాపుకు కంటిపాప అంచు వెనకున్న కటకానికి అతుక్కుపోయింది. మొదట్లోనే వచ్చుంటే చుక్కల మందుతో విడిపోయేదేమో అంది.

నాయన తానూ చూస్తానన్నాడు. ఆ యంత్రానికి పక్కనున్న రెండో గొట్టంలోంచి చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఇదో, దుమ్ము ఉండాది! నేను చెప్పలా?"

"అది దుమ్ము కాదప్పా. నీ బిడ్డ రక్తంలోవే" అంది డాక్టరమ్మ.

ఆయన బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. మందులు వేసినా ఆ కంటికి మసక తప్ప ఏమీ మిగల్లేదు. నాయన మళ్ళీ ఎవరి రెప్పా మడవలేదు.

ఏడాది తిరగకముందే కుడి కన్ను ఎర్రబడింది. ఆ రోజు గాలి కూడా లేదు. నేను మంచం మీదే కూర్చుండిపోయాను. నాయన గుమ్మంలో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"నేను ముట్టను మ్మా. ఇంగ లెయ్, బస్సుకు పోదాం."

లేచి, అగ్గిపెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"ఒక్కసారి చూడు నాయనా. దుమ్మే ఉండాదని చెప్పు."