గౌన్లు అమ్మిన అమ్మవారు

మా ఇంట్లో ఉన్న అమ్మవారు ఒకప్పుడు బట్టల షాపులో గౌన్లు అమ్మేది. నవ్వకండి, నిజం. షాపు అద్దం వెనకాల నిలబడి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, రోడ్డున పోయే వాళ్ళందరినీ లోపలికి రమ్మన్నట్టు చూసేది. ఆ చెయ్యి ఇప్పటికీ నడుం మీదే ఉంది. రెండో చెయ్యి విరగబట్టే ఆవిడ మా ఇంటికొచ్చింది.

తెచ్చింది మా అమ్మమ్మ. షాపుల్లో నిలబెట్టే బొమ్మలకి మొహాలు గీయడం ఆమె పని. ఆ పని జరిగే చోటు ఒక పెద్ద రేకుల షెడ్డు. గోడలకి చేతులు వేలాడుతుంటాయి, కాళ్ళు ఒక మూల కట్టెల్లా పేర్చి ఉంటాయి, తలలు అరల్లో వరసగా ఉంటాయి. కొత్తవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతారు. మాకు మాత్రం ఆ తలల్ని చూస్తే ఆకలేస్తుంది, ఎందుకంటే మా టిఫిన్ డబ్బాలు వాటి మధ్యలోనే పెడతాం. మా అమ్మ కూడా అక్కడే పని చేస్తుంది. చదువు నాకు సగంలో విసుగు పుట్టి, నాకంటే ముందే మా టీచర్లకి విసుగు పుట్టి, నేనూ అక్కడే తేలాను. నా పని గరుకు కాగితంతో బొమ్మల్ని రుద్దడం.

అమ్మమ్మ అక్కడ చేరేనాటికి నాకంటే చిన్నది. తల్లి లేని పిల్ల. ఉన్నది పిన్ని ఇంట్లో, ఆ పిన్నికి మాట్లాడాలంటే బద్ధకం. అందువల్ల ఒక రోజు షెడ్డులో పని చేస్తుండగా బట్టలకి రక్తం అంటితే, తను చచ్చిపోతోందని అనుకుందట. ఎవరికీ చెప్పకుండా కాళ్ళ గుట్ట వెనకాల కూర్చుని ఆ చావు కోసం ఎదురు చూసిందట. ఎంతకీ రాలేదు. చివరికి బొమ్మలకి బట్టలు తొడిగే ఆవిడ చూసి, విషయం చెప్పి, ఓ పాత గుడ్డ చేతిలో పెట్టి పంపింది.

"చావు రానందుకు సంతోషపడ్డావా అమ్మమ్మా?" అని అడిగాను ఒకసారి.

"సంతోషం కాదే, ఒళ్ళు మండింది. ఇంత పెద్ద సంగతి ఒక్కరూ ముందుగా చెప్పలేదే అని."

ఆ మంట మీదే ఆమె అమ్మవారిని చేసింది. షాపు నుంచి చెయ్యి విరిగి తిరిగొచ్చిన ప్లాస్టర్ బొమ్మ ఒకటి, పన్నెండు పదమూడేళ్ళ ఆడపిల్లలా ఉండేది, షెడ్డు వెనక పారేయమని పెద్ద ఓనరు చెప్తే, అడిగి ఇంటికి తెచ్చుకుంది. బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కండక్టరు ఇద్దరికీ టికెట్ కొట్టాడట. పాత మొహం గీకేసి కొత్త మొహం గీసింది, రెండు జడలు పెట్టింది, ఎర్ర గౌను వేసింది. ఎదురుగా ఒక గ్లాసు నీళ్ళు, చేతికి దొరికిన నాలుగు పూలు పెట్టి, తన ప్రార్థన తనే కట్టుకుంది. అది చాలా చిన్నది. "నువ్వు ముందు నడు తల్లీ. నేను వెనకాల వస్తా."

అప్పట్నుంచి అమ్మమ్మ జీవితంలో ఏది రావాలన్నా ముందు అమ్మవారికి రావాల్సిందే. పెళ్ళి కుదరగానే అమ్మవారి జడలు పోయి ముడి వచ్చింది. ఆ ముడి పెట్టుకుని ఆవిడ నెల రోజులు హాయిగా ఉండటం చూశాకే అమ్మమ్మ పెళ్ళికి ధైర్యం తెచ్చుకుంది. మా అమ్మ కడుపులో పడకముందే అమ్మవారికి ప్లాస్టర్ కడుపు వచ్చింది. తాతయ్య వడ్రంగి, ఆవిడకి పీట చేసిపెట్టిన మనిషి. పని నుంచి వచ్చి, ఆ కడుపు చూసి, చేతులు కడుక్కుంటూ అడిగాడట, "ఆవిడకెన్నో నెల?"

"మూడు," అందట అమ్మమ్మ.

"మరి నీకు?"

"నాకింకా లేదు. ఆవిడెలా ఉంటుందో చూసి చెప్తా."

మా అమ్మ పుట్టాక ఆ కడుపుని ఉలితో తీసేశారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, తడిమితే వేలికి తగులుతుంది. తర్వాత కొన్నేళ్ళకి అమ్మవారి పాపిట దగ్గర తెల్ల గీత ఒకటి పడింది, ఆ పైనే అమ్మమ్మకి మొదటి తెల్ల వెంట్రుక కనిపించింది. నెలసరి ఆగిపోయే వయసు రాబోతోందనగా ఎర్ర గౌను తీసేసి బూడిద రంగు గౌను వేసింది. ఆ సంవత్సరమంతా వేడితో, చెమటలతో, ముక్కు మీద కోపంతో ఇల్లు అదిరిపోయిందని అమ్మ చెప్తుంది. అమ్మమ్మ మాత్రం భయపడలేదు. ఎదురుగా పీట మీద ఇంకొక ఆడది అదే దాటుకుని చల్లగా నిలబడి ఉంది కదా.

పక్కింటావిడకి ఇదంతా మింగుడు పడేది కాదు. "దేవతలకి వయసు రాదమ్మా," అంది ఓసారి.

"రాకపోతే నాకు ఆవిడతో పనేముంది?" అంది అమ్మమ్మ.

ఒక్కసారే అమ్మమ్మకీ అమ్మవారికీ చెడింది. తాతయ్య ఉన్నట్టుండి పోయినప్పుడు. అది అమ్మవారు ముందుగా చెప్పలేదు. అమ్మమ్మ ఆవిడని గోడ వైపు తిప్పేసి, నీళ్ళు పెట్టడం కూడా మానేసింది. చాలా రోజుల తర్వాత ఒక పొద్దున మేం లేచేసరికి అమ్మవారు మళ్ళీ మా వైపు చూస్తోంది, ఎదురుగా నీళ్ళ గ్లాసు ఉంది. "ఆవిడకి మాత్రం ఏం తెలుసు, ఆవిడా ఈ ఇంట్లోదేగా," అంది అమ్మమ్మ. కానీ అప్పట్నుంచి ఆమెలో ఒక బెదురు మిగిలింది. అమ్మవారు ముందు నడవని దారిలో తను అడుగు పెట్టదు. పెట్టమన్నా పెట్టదు.

ఇంతలో ఆమె కళ్ళకి పొరలు వచ్చాయి. ముందు తెలిసింది మాకు కాదు, బొమ్మల కనుబొమలకి. ఒకటి కిందికి, ఒకటి పైకి వచ్చేవి. ఒక షాపతను ఫోన్ చేసి, మీరు పంపిన బొమ్మ మా కస్టమర్లని అనుమానంగా చూస్తోంది, ట్రయల్ రూముకి పోవడానికి జనం భయపడుతున్నారు అన్నాడు. షెడ్డు ఇప్పుడు పెద్ద ఓనరు కొడుకు నడుపుతున్నాడు. అతను మంచివాడు. అమ్మమ్మ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "పెద్దమ్మా, కళ్ళు బాగయ్యేదాకా కుంచె పక్కన పెట్టండి. మీ కుర్చీ మీదే, ఎవర్నీ కూర్చోనివ్వను," అన్నాడు.

కంటి డాక్టరమ్మ అయితే సాగదీయకుండా చెప్పింది. "ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది. ఇంకా నాన్చితే నేను మాట ఇవ్వలేను."

"అమ్మవారు ఇంకా తయారవలేదు," అంది అమ్మమ్మ.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

రోజూ పొద్దున్నే అమ్మమ్మ అమ్మవారి మొహాన్ని వేలితో తడుముతూ ఉండేది. కళ్ళ పక్కన, నోటి చివర్న, నుదురు మీద. ఏం వెతుకుతోందో మాకు చెప్పేది కాదు. ఒక రోజు తడిమి, వేలు చెవి దాకా తీసుకెళ్ళి, "సరే. ఆపరేషన్‌కి రోజు చెప్పించుకో," అంది అమ్మతో. అమ్మ కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆ సంబరంలోనే జరిగింది అనర్థమంతా.

ఆపరేషన్‌కి ముందు రోజు నేను అమ్మమ్మని రక్తపరీక్షకి తీసుకెళ్ళాను. అమ్మ ఇంట్లోనే ఉండి, వెళ్ళేముందు వాళ్ళమ్మ కళ్ళకి అమ్మవారు కళకళలాడుతూ కనిపించాలని పని మొదలుపెట్టింది. మీరు మా అమ్మని అర్థం చేసుకోవాలి. ఆమెకి ఎక్కడ పగులు కనిపించినా చెయ్యి లప్పం డబ్బా వైపు పోతుంది. మా గోడలకి పెట్టింది, పక్కింటి మెట్లకి పెట్టింది. నా మడమలు చలికాలంలో దాచుకుని తిరుగుతాను. అమ్మవారి మొహం నిండా సన్నటి పగుళ్ళు. కిటికీ పక్కన ఇన్నేళ్ళు ఎండకి ఎండి వచ్చినవి. ఒక్కటీ వదలకుండా లప్పంతో పూడ్చి, ఆరబెట్టి, నున్నగా రుద్ది, పైన రంగు వేసింది. పనితనం ఎంత బాగుందంటే అమ్మవారికి మళ్ళీ పద్దెనిమిదేళ్ళు వచ్చాయి.

అమ్మమ్మ వచ్చి, చెప్పులు విడిచి, అలవాటుగా పీట దగ్గరికి వెళ్ళి వేలు పెట్టింది. వేలు జారిపోయింది. ఇంకోసారి పెట్టింది.

"ఎవరే ఈ పిల్ల?"

"అమ్మవారేనమ్మా. పగుళ్ళొచ్చేస్తే బాగు చేశాను," అంది అమ్మ, మెచ్చుకోలు కోసం చూస్తూ.

"అవి నేను పెంచుకున్న ముడతలే. ఆవిడకి వయసు నా చేత్తో గీయకుండా దానంతటదే వస్తుంటే, ఎన్నేళ్ళు కనిపెట్టుకుని ఉన్నాను. కంటి పక్కది చెవి దాకా వచ్చింది, ఇక ముసలితనంలోకి ఆవిడ వెళ్ళినట్టే, నేనూ వెళ్ళొచ్చు అనుకున్నాను." అమ్మమ్మ కుర్చీలో కూర్చుంది. "ఈ పిల్లకేం తెలుసు? దీన్ని నమ్ముకుని కంటికి కత్తి పెట్టించుకోనా? నేను రేపు రాను."

పాపం అమ్మ, కుంచె తీసుకుని ముడతలు గీయబోయింది. కంటి పక్కన మూడు గీసి, వెనక్కి జరిగి చూసింది.

"పిల్లి మీసాల్లా ఉన్నాయే," అన్నాను నేను.

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. నేను టీ పెట్టడానికి వెళ్ళిపోయాను. వంటింట్లోంచి అంతా వినబడుతుంది, అదొక సౌకర్యం.

కాసేపటికి అమ్మ వెళ్ళి అమ్మమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నట్టుంది. ముక్కు ఎగబీల్చడం వినిపించింది. మా అమ్మ ఏడవడం నేను అంతకుముందు వినలేదు, టీ గిన్నె దించేసి తొంగి చూశాను.

"చెడగొట్టాలని కాదమ్మా. నువ్వు చూపు పోగొట్టుకుంటావేమోనని నాకు రోజూ భయమే. నువ్వు ఒప్పుకున్నావని ఆనందం పట్టలేక ఏదో ఒకటి చేయాలనిపించింది. నాకు వచ్చింది లప్పం పెట్టడమే కదా."

అమ్మమ్మ చెయ్యి చాపి, అమ్మ కళ్ళు తుడవబోయింది. తుడుస్తున్న వేలు కంటి చివర్న ఆగింది. నెమ్మదిగా పక్కకి వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. నోటి చివరికి దిగింది. నుదురు మీదికి ఎక్కింది. పొద్దున్నే అమ్మవారిని తడిమినట్టే.

"ఇవెప్పుడొచ్చాయే నీకు?"

"ఏవి?"

"ఇవి."

"చాలా రోజులైందమ్మా. తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. పోయినేడు నెలసరి కూడా ఆగిపోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"పీట మీద ఆవిడ, కుర్చీలో నువ్వు, ఇద్దరు ముందు నడిచారు. నాకు అడగాల్సిన పనేముంది? అన్నీ చూసినవే."

అమ్మమ్మ వేలు ఇంకా అమ్మ మొహం మీదే ఉంది. ఆమె మనసులో ఏం తిరిగిందో నాకు తెలియదు కానీ, తను అంతవరకు వెనకాల నడుస్తున్నాననుకుంది, తన వెనకాల కూడా ఒక మనిషి నడుస్తోందని చూసుకోలేదు.

"నా కూతురు పెద్దదైపోతుంటే నేను చూడలేదన్నమాట," అంది చివరికి. "పొరల్లోంచి నాకింకా నువ్వు నున్నగానే కనిపిస్తున్నావే. రేపు పొద్దున ఎన్నింటికి వెళ్ళాలి?"

"మరి అమ్మవారు తయారవలేదుగా?" అన్నాను నేను ఉండబట్టలేక.

"నువ్వు టీ పెట్టావా, పెట్టలేదా?"

మర్నాడు వెళ్ళింది. నర్సు చెయ్యి పట్టుకుని, "కదలకండి మామ్మగారూ, చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే," అంటే, "చీమ ఎంత ఉంటుంది?" అని అడిగిందట. అమ్మ బయట బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఆమె గోళ్ళు అయిపోతే నావి ఇస్తానన్నాను.

కట్టు విప్పిన రోజు అమ్మమ్మ ముందుగా అమ్మని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. గడ్డం పట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి, ఎంతసేపు చూసిందో. "బాగా వచ్చాయి," అంది, మంచి పనిని మెచ్చుకున్నట్టు. తర్వాత నన్ను చూసి, "దీనికేంటే ఇన్ని మొటిమలు, మొహం కడగదా?" అంది. చూపు వచ్చిందని మా అందరికీ నమ్మకం కుదిరింది.

డాక్టరమ్మ చెప్పిన గడువు అయ్యాక, ఒక మధ్యాహ్నం అమ్మమ్మ కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని, సన్నటి సూది అడిగింది. అమ్మని ఎదురుగా అద్దం పట్టుకోమంది, నన్ను అమ్మవారిని కదలకుండా పట్టుకోమంది. అద్దంలో తన మొహం చూసుకుంటూ, అక్కడ ఉన్న ముడతని ఉన్నట్టుగా అమ్మవారి చెంప మీద సూదితో గీయడం మొదలుపెట్టింది. అమ్మ పెట్టిన లప్పం పొడిలా రాలుతుంటే, అడుగున పాత పగులు ఒకటి దారి చూపిస్తున్నట్టు బయటికి వచ్చింది. కొన్నిచోట్ల వచ్చింది, కొన్నిచోట్ల రాలేదు. రాని చోట అమ్మమ్మ తన మొహంలోంచి ఇచ్చింది.

అద్దం పట్టుకుని అమ్మ చేతులు లాగుతున్నాయి, నాకు ముక్కు దురద పెడుతోంది, ఇద్దరం కదల్లేదు. నాకు రావాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. వాటిని చూసి వచ్చినవాళ్ళు ముగ్గురు ఒకే గదిలో నా చుట్టూ ఉన్నారు. ఆ రోజు షెడ్డులో కాళ్ళ గుట్ట వెనక కూర్చున్న పిల్లకి ఒక్కరూ లేరు. బడిలో నేర్చుకోనిదేదో నాకు అప్పుడు కొంచెం ఎక్కింది.

సూది కంటి చివరికి వచ్చేసరికి అమ్మమ్మ ఆగి, అమ్మవారి గడ్డం పట్టుకుంది.

"కదలకు తల్లీ," అంది. "ఈ దారి నేను చూసొచ్చాను. చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే."