మల్లయ్య చెయ్యి ఆగిన చోట

1948 సెప్టెంబరు ఆఖరు. పోలీసు చర్య ముగిసినా సికింద్రాబాదులో ఎవరూ గొంతెత్తి మాట్లాడటం లేదు. స్టేషనుకు దగ్గరలో ఒక చిన్న తెలుగు దినపత్రికలో నేను సబ్‌ఎడిటర్ని, గుంటూరు నుంచి వచ్చినవాణ్ణి. ఎడిటరుగారు జ్వరంతో పడటంతో ఎడిటోరియల్, అంటే పత్రిక తన మాటగా రాసే సంపాదకీయం, నా నెత్తిన పడింది.

పక్క బస్తీలో పిల్లలకు చదువు చెప్పే కరీం మాస్టారి భార్య మూడు రోజులుగా మా ఆఫీసు మెట్ల మీదే కూర్చుంటోంది. ఆయన రజాకారని ఎవరో చాడీ చెబితే పోలీసులు ఠాణాకు పట్టుకెళ్లారు. బస్తీవాళ్లు పదిమంది పూచీ ఉంటే వదులుతామన్నారట. శనివారం దాటితే జైలుకే. ఆ రోజు గురువారం, ఒక్క సంతకమూ లేదు.

రాశాను. అబ్బో, ఏం రాశాను! న్యాయం, ధర్మం, మానవత్వం, ఒక్కటీ వదల్లేదు. నాకే కళ్లు చెమర్చాయి.

సీసపు అక్షరాలు ఏరి పేర్చే కంపోజిటర్ మల్లయ్యకు నా గొలుసుకట్టు రాత కంటికి ఆనదు. అందుకని మా ప్రెస్సులో రాసినవాడే పక్కన నిలబడి చదవాలి. చదువుతున్నాను. మూడో వాక్యం దగ్గర అతని చెయ్యి ఆగింది.

"ఎవలకు చెప్తున్నవ్ సారూ ఇది?"

ప్రభుత్వానికన్నాను.

"సర్కార్ మన పేపర్ సదువుతదా? మాస్టారుండే మా బస్తీలోల్లు సదువుతరు. ఆల్లకు ధరమం తెల్వక కాదు. భయమైతుంది."

నాకు ఒళ్లు మండింది. అయితే ఏం రాయాలో నువ్వే చెప్పమని కసిరాను. అతను మెల్లగా చెప్పాడు. రజాకార్లు మల్లయ్య గల్లీకి వచ్చిన రోజు ఇంట్లో అతని కోడలు బాలింత. మాస్టారు వచ్చి గడపకు అడ్డంగా కూర్చుని, నన్ను దాటి వెళ్లండి అన్నారట. వాళ్లు వెనక్కి పోయారట.

మరి ఇది ఠాణాకు పోయి చెప్పావా అన్నాను.

"లే సారూ. నన్ను సుత పట్టుకపోతరనుకున్న."

నా కాగితాలు చింపేశాను. ఆ గడప సంగతి ఒక్కటే ఎనిమిది వాక్యాల్లో రాశాను. నీ పేరు వేయనా అనడిగాను. అక్షరాలు ఏరి తన పేరు తనే పేర్చుకున్నాడు.

శుక్రవారం పేపరు వచ్చింది. సాయంత్రం దాకా ఒక్కరూ కదల్లేదని తెలిసి నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. శనివారం పొద్దున్నే మల్లయ్య అందరికంటే ముందు ఠాణాకు వెళ్లి సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి సంతకాలు పదకొండయ్యాయి.

సోమవారం మాస్టారు ప్రెస్సుకు వచ్చారు. నాకు దండం పెట్టి, మల్లయ్య ముందు నిలబడ్డారు.

"పది దినాలు ఒక్కటే అనుకున్న. మల్లన్న ఏడున్నడు అని."

మల్లయ్య తల ఎత్తలేదు.

ఒప్పించే ఎడిటోరియల్ ఎలా రాయాలని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. ఎవరిని ఒప్పించాలో, అతని భయమేమిటో తెలుసుకున్నాకే కలం పట్టుకోమంటాను. ఆ మాట అన్నప్పుడల్లా మాస్టారి ప్రశ్న నాకే తగులుతుంది. మాస్టారి భార్య మూడు రోజులు మెట్ల మీద కూర్చుంటే, నేను ఆ బస్తీకి ఒక్కసారైనా వెళ్లి ఎవరూ ఎందుకు సంతకం పెట్టలేదని అడగలేదు.