నట్టింట్లో పడుకున్న నాటి సంగతి

"జర బండల మీద పండుకో నానమ్మా, ఊపిరి చూడాలె."

"దీపం పెట్టే యాళ నట్టింట్ల కాళ్లు చాపాల్నా? నేనింక బతికే ఉన్ననే పిల్లా! మెత్తను పండవెట్టుకో."

"మెత్తకు ముక్కున్నదా?"

ఆ రోజుల్లో అశోక్ నగర్‌లో కిరాయి వాటాలో ఉన్న మాకు రోజూ ఇదే రామాయణం. నా మనవరాలు చిట్టి నారాయణగూడ బడిలో తొమ్మిదో తరగతి. మనిషి ఉన్నట్టుండి కూలబడి ఊపిరి ఆగితే ఏం చేయాలో బడిలో నేర్పారు. భుజం తట్టాలి, ఊపిరి చూడాలి, సాయానికి అరవాలి, ఆపైన రొమ్ము నడుమ చేతులు పెట్టి గట్టిగా నొక్కాలి. నొక్కుడంతా ఆ మెత్త, అదే నా దిండు మీదే (నిరుడే దూది ఏకించాను, రొట్టెలా చేసిపెట్టింది). చిక్కల్లా అరుపు దగ్గర. దాని గొంతు పక్క గదికే వినపడదు. రేపు బడిలో ఇదంతా అందరి ముందు చేసి చూపించాలట, అరవలేని పిల్లను స్టేజి ఎక్కించనని టీచరమ్మ తేల్చి చెప్పిందట.

దాని ఏడుపు చూడలేక చాప పరుచుకుని (పాతదే) పడుకున్నాను. చిట్టి నా భుజం తట్టి, పిల్లికూనలా "ఎవరన్నా రండి" అంది. మళ్లీ అదే. నాకు నడుం పట్టేసింది, పొయ్యి మీద పప్పు మాడుతోంది. "గట్లనా ఒర్రేది? ఇగో ఇట్ల!" అంటూ, వీధి చివరి కూరగాయల బండిని నిలబెట్టే గొంతుతో, పడుకునే అరిచాను: "ఎవరన్నా రాండ్రీ! పానం పోతున్నదీ!"

వచ్చారు. ఓనరమ్మ చెంబుతో నీళ్లు, పై వాటా ఆయన తాళాల గుత్తి, పక్కింటామె సగం కోసిన ఉల్లిగడ్డ. ఏం చెప్పాలో తోచక నేను కళ్లు తెరవలేదు. మూర్ఛ అనుకున్నారు కాబోలు, గుప్పిట్లోకి తాళాలొచ్చాయి, ముక్కు దగ్గరికి ఉల్లిగడ్డ వచ్చింది. ఓనరమ్మ నా దవడ పట్టి చెంబు వంచింది.

"నోట్ల నీళ్లు పొయ్యొద్దు ఆంటీ! ఊపిరాడదు! అందరు దూరం జరగుండ్రి! అంకుల్, 108కు ఫోన్ చెయ్యుండ్రి!"

ఆ అరుపు చిట్టిదే! ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. ఆయన అప్పటికే ఫోన్ తీశాడు.

"ఆపు నాయనా, పిల్ల బడి పాఠమిది."

"ఏం పాఠమమ్మా, నా పానం పోయేటట్టయింది" అంటూ ఓనరమ్మ చెంబెడు నీళ్లూ తనే తాగేసింది.

ఇక చిట్టిని పట్టలేకపోయాం. దొరక్క దొరికిన గొంతు కదా, వద్దంటున్నా పడుకునేదాకా అరుస్తూనే ఉంది.

తెల్లవారేసరికి గొంతు పూర్తిగా పోయింది. మిరియాల పాలు తాగించినా మాట రాలేదు. బడిలో ఇంకో పిల్ల అరిచింది, నొక్కడానికి బొమ్మను పెట్టారు, చిట్టిని స్పృహ తప్పిన మనిషిగా పడుకోబెట్టారు. కదలకుండా ఎంత బాగా పడుకుందో అని టీచరమ్మ నా దగ్గర మెచ్చుకుంది. ఎవరిని చూసి నేర్చుకుందో నేను చెప్పలేదు.