నీళ్ల ముగ్గు

బియ్యప్పిండి సంచీ కార్‌లో వేసుకుని అరిజోనా ఎడారి పార్కుకి వెళ్లిన ఆర్టిస్టుని బహుశా నేనొక్కదాన్నే. ఆ పార్కు వాళ్లు ఏటా కొందరు కళాకారులకు ఒక గది ఇచ్చి, కొన్నాళ్లు అక్కడే ఉండి పని చేసుకోమంటారు. చివరి రోజు సందర్శకుల ముందు ఏదైనా చేసి చూపించాలి. ఎడారి నేల మీద మెలికల ముగ్గు వేస్తానని రాసి పంపితే, ఒప్పుకుని రమ్మన్నారు.

"ఆఫీస్‌కి లీవ్ పెట్టి మరీ ముగ్గులేయడానికి వెళ్తున్నావా? మన డ్రైవ్‌వే ఖాళీగానే ఉందిగా!" అన్నారు మావారు, కాపెల్‌లో మా ఇంటి ముందు కార్ ఎక్కుతుంటే. నవ్వాను గానీ ఒళ్లు మండింది. నా ముగ్గు కూడా కళేనని ఒక్కసారి ఈయన చేత ఒప్పించాలి. నేను వెళ్లింది అందుకే.

వెళ్లగానే పార్కు రేంజరమ్మ నా సంచీ చూసి ఇదేమిటని అడిగింది. నేను ఊరుకుంటేనా! ముగ్గంటే ఉత్త అలంకారం కాదనీ, చీమలకీ పిట్టలకీ అన్నం పెట్టినంత పుణ్యమనీ గొప్పగా వివరించాను. ఆవిడ ముఖం మారిపోయింది. అక్కడ ఏ ప్రాణికీ తిండి పెట్టకూడదట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి పుణ్యమా అని పిండి కాస్తా తిరిగి డిక్కీలోకి చేరింది. సున్నం వద్దంది, రంగులు వద్దంది. నేల మీద ఏదీ మిగలకూడదంది.

"మరి నీళ్లో?" అన్నాను పంతంగా.

ఆవిడ సరేనని ఒక చదునైన ఎర్రబండ చూపించింది.

పండగలకి తడిపిండితో వేసేటప్పుడు గుడ్డపీలికను ముంచి గుప్పిట్లో పట్టుకుని, వేలి మీదుగా ధార వదులుతాం. నీళ్లతోనూ అలాగే వేశాను. తడిసిన చోట బండ ముదురు రంగు తేలి ఎంత బాగుందో! కానీ సగం మెలికలు తిప్పేసరికి మొదలుపెట్టిన చోటు ఆరిపోయేది. గీత తిరిగి తిరిగి మొదటికొచ్చి కలవకపోతే అది ముగ్గే కాదు. రోజూ పొద్దున్నే వేశాను, రోజూ ఎండే గెలిచింది. ఏడుపొచ్చి మావారికి ఫోన్ చేశాను.

"పోనీలే, ఫోటోలు చూపించి వచ్చేయ్" అన్నారు.

ఆ 'పోనీలే' నాకు పుండు మీద కారం రాసినట్టయింది.

చివరి రోజు పొద్దున సందర్శకులతో పాటు, విమానమెక్కి మావారూ వచ్చారు. అందరూ బండ చుట్టూ నిలబడ్డారు. చుక్కలు పెట్టి గీత మొదలుపెట్టాను. కాసేపటికి చూద్దును కదా, ఎండ తగిలిన వైపు చుక్కలు వెలిసిపోతున్నాయి గానీ, మనుషుల నీడ పడ్డవైపు చెక్కు చెదరలేదు!

"అందరూ ఇటు రండి! సూర్యుడికి అడ్డంగా నిలబడండి!" అని అరిచాను.

పాపం, అందరూ పరుగున వచ్చి ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. వాళ్ల పొడుగాటి నీడలు బండంతా కప్పేశాయి. మావారు జాకెట్ విప్పి రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. బండకి నా మోకాళ్లు కాలుతున్నా నేను ఆగలేదు. ఆఖరి మెలిక తిప్పి, తడారని మొదటి గీతలో కలిపేశాను. ముగ్గు మొత్తం ఒక్కసారిగా నా ముందు నిలిచింది. సిగ్గు విడిచి కేక పెట్టాను. చప్పట్లు మోగాయి. నా అంత గొప్పది ఈ భూమ్మీద లేదనిపించింది, ఎందుకు దాచాలి?

"అయిపోయింది, ఇక జరగొచ్చు" అన్నాను, చెమట తుడుచుకుంటూ.

వాళ్లతో పాటు నీడ పడుతూ నిలబడ్డ రేంజరమ్మ ఒక అడుగు పక్కకి వేసింది.

"కదలకండి! ఆరిపోతుంది!" అని ఆవిడని ఇంగ్లీషులో గదిమింది మావారే.