కుడివైపు సీటు

మా మేనత్త కొడుకు కొన్న అమెరికా కారుకు స్టీరింగు ఎడమవైపు ఉండేది. ఈ సంగతి ముందే చెప్పాలి. తర్వాత జరిగిందంతా దీనివల్లే జరిగింది.

పలాసలో అప్పటికి కార్లు లేకపోలేదు. జీడిపప్పు వ్యాపారులకు ఇంటిల్లిపాదీ పట్టే గుండ్రటి కార్లు ఉండేవి. ఇది అలాంటిది కాదు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ముదురు నీలం రంగు. నేలకు ఆనుకుని పాకుతున్నంత ఎత్తు తక్కువ. పందేల కోసం చేసినట్టుండేది. కలకత్తాలో పని ముగించుకుని వెళ్ళిపోతున్న విదేశీ ఆఫీసరొకడు దాన్ని వేలంలో వదిలేస్తే, పప్పు అమ్మడానికి వెళ్ళిన మా బావ కొని, తనే నడుపుకుంటూ వచ్చాడు.

నేను అప్పటికి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లమా పూర్తిచేసి, ఉద్యోగం రాక, మేనత్త వాళ్ళ ఫ్యాక్టరీలోనే జీడిపిక్కలు కాల్చే డ్రమ్ములూ మోటార్లూ చూసుకునేవాణ్ణి. బావ చదువు ఎస్సెల్సీ దగ్గర ఆగిపోయింది. పిస్టన్ ఎలా కదులుతుందో ఫ్యాక్టరీ అరుగు మీద సుద్దముక్కతో గీసి అతనికి చెప్పింది నేనే. అంతా విని, "అది సరే గాని ఇంజినీరూ, రంగు పోకుండా తుడవడానికి ఏ గుడ్డ మంచిదో సెప్పు" అన్నాడు.

ఆ కారులో నేను ఓర్వలేనివి చాలా ఉండేవి. గేరు రాడ్డు చివర అరచేతిలో ఇమిడే తెల్లటి గుండు. తాళం తిప్పగానే ఎనిమిది సిలిండర్లూ కలిసి గొంతు సవరించుకునే చప్పుడు. బావ మోచెయ్యి కిటికీ మీద ఆనించే తీరు. వీటన్నిటికంటే, ఆ ఇంజను నాకు అర్థమవుతూ అతని చేతిలో ఉండటం. మన పెట్రోలు దానికి సరిపడక, ఎత్తు ఎక్కేటప్పుడు లోపల టకటకమని కొట్టుకునేది. స్పార్కు పడే సమయాన్ని కాస్త వెనక్కి జరిపి ఆ చప్పుడు ఆపాను. "ఇప్పుడు బాగుంది" అన్నాడు బావ, నేను అద్దం తుడిచి ఇచ్చినట్టు.

రోడ్డెక్కితే నాకొక పని ఉండేది. ఎడమవైపు కూర్చుని నడిపేవాడికి, ముందు లారీ పోతుంటే ఆ లారీ వెనకభాగం తప్ప మరేమీ కనపడదు. దాన్ని దాటాలంటే కుడివైపు కూర్చున్నవాడు తల బయటపెట్టి, ఎదురుగా ఏం వస్తోందో చూసి చెప్పాలి. "ఆగు. ఆగు. ఎల్లు బావా." నేను ఎల్లు అంటేనే కారు ముందుకు దూకేది. మన దేశంలో డ్రైవరు కూర్చునే చోట కూర్చుని, డ్రైవరు చూసేదంతా చూసేవాణ్ణి. నా ముందు మాత్రం స్టీరింగుకు బదులు మూత ఉన్న చిన్న పెట్టె ఒకటి ఉండేది.

మా ఊరు నిమ్మాడ. శ్రీకాకుళం వెళ్ళాలంటే దాని మీదుగానే వెళ్ళాలి. నాన్న సాయంత్రాలు రోడ్డు పక్క టీ బడ్డీలో బల్ల మీద కూర్చునేవాడు. ఏదో పెళ్ళి పిలుపు దగ్గర మాటపట్టింపు వచ్చి, ఆయన పలాసలో తన అక్క గడప తొక్కడం మానేశాడు. బావ కూడా నిమ్మాడలో ఆగేవాడు కాదు. అందుకని నాన్న ఆ కారును ఆగి ఉండగా ఎన్నడూ చూడలేదు. దూసుకుపోతుంటే చూశాడు, కుడివైపు కిటికీలో నా ముఖం చూశాడు.

ఒక సెలవు రోజున ఇంటికి వెళ్తే, నన్ను బడ్డీ దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని అందరూ వినేలా అన్నాడు.

"కారు ఆళ్ళదే. తోలీవోడు మనోడు."

"మరి పక్కన కూకున్నోడెవుడు?" అని బల్ల చివర ఉన్నాయన అడిగాడు.

"ఆడే పలాసలో మా అప్ప కొడుకు. కొనీసినాడు గాని, తోలడం రావద్దేటి?"

అందరూ నవ్వారు. స్టీరింగు ఎటువైపుందో అప్పుడే చెప్పవచ్చు. కానీ బావను చూసి పదిమంది నవ్వడం నేను వినడం అదే మొదటిసారి. టీ ఊదుకుంటూ కూర్చున్నాను. "మరీ అంత ఇసురుగా తోలకు. రోడ్డు మీద పసరాలుంటాయి" అన్నాడు నాన్న. సరే అన్నాను.

అప్పటినుంచి నాకు కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు నాన్నకు అసలు సంగతి చెప్పేలోగా, ఆయన చెప్పుకుంటున్నది ఒక్కసారైనా నిజం కావాలి. నేను ఆ కారు నిమ్మాడ మీదుగా నడపాలి.

చలికాలం వచ్చాక బావకు పందేల పిచ్చి పట్టింది. ఆదివారాలు స్నేహితులను వెంటబెట్టుకుని, టెక్కలి నుంచి నౌపడా ఉప్పు మళ్ళు దాటి, భావనపాడు సముద్రం ఒడ్డుకు కారు తీసుకెళ్ళేవాడు. పొడి ఇసకలో చక్రాలు దిగబడకుండా కొబ్బరి మట్టలు పరిపించేవాణ్ణి. టైర్లలో గాలి కొంత తీసేసేవాణ్ణి. అలలు వెనక్కి తగ్గాక గట్టిపడిన తడి ఇసక ఎక్కడిదాకా ఉందో మడమతో తొక్కి చూసి, రెండు కొసలా సరుగుడు కర్రల బాదులు పాతేవాణ్ణి. ఆ బాదుల చుట్టూ తిరిగి రావడమే పందెం. స్టాపువాచీ నా చేతిలో ఉండేది. బావ నడిపాడు. పలాస కంట్రాక్టరు నడిపాడు. ఇంజను ముందుంటుందో వెనకుంటుందో తెలియని డాక్టరుగారు కూడా నడిపారు.

"నాకూ ఓ రౌండు ఇయ్యి బావా."

"నువ్వు తోలితే టైం ఎవులు సూత్తారు? ఈళ్ళకి గడియారం సూడ్డమే రాదు."

స్నేహితులు నవ్వారు. అది పొగడ్తే. స్టాపువాచీ ముల్లు మళ్ళీ సున్నా దగ్గరికి తెచ్చాను.

ఒక ఆదివారం బావ అవతలి బాదు దగ్గర నీటికి మరీ దగ్గరగా తిప్పాడు. వెనక చక్రాలు కూరుకుపోయాయి. ఆటు పోయి పోటు మొదలై అలలు పైకి వస్తున్నాయి. బావ భయపడి యాక్సిలరేటరు తొక్కుతున్నకొద్దీ కారు ఇంకా దిగబడుతోంది. నేను పరుగెత్తి ఇంజను ఆపమన్నాను. టైర్లలో ఇంకొంచెం గాలి తీసి, మట్టలు చక్రాల కింద దూర్చి, స్నేహితులను వెనక నిలబెట్టాను.

"సెకండు గేరెయ్యి. నాను సెప్పిందాకా కదపకు."

"కెరటమొస్తోందిరా."

"ఆగు. ఆగు." అల వచ్చి వెనక్కి వెళ్ళింది. "ఎల్లు బావా."

మట్టలు పటపటమని విరిగాయి. కారు నెమ్మదిగా పైకి వచ్చింది. బావ దిగి ప్యాంటు పిండుకుంటూ, నన్ను ఇంజినీరు అనకుండా మొదటిసారి వరస పెట్టి పిలిచాడు. "ఏటి కావాలో అడుగు బావా."

"నిమ్మాడ దాకా నాను తోల్తాను."

ఎందుకని అడగలేదు. స్నేహితులను టెక్కలిలో బస్సెక్కించి, తాళం నాకిచ్చాడు.

ఆ తెల్లటి గుండు ఇన్నాళ్ళు నేను ఊహించుకున్నంత చల్లగానే ఉంది. కారు నా మాట వింది. బావ మాట కంటే బాగా విందనిపించింది. కోటబొమ్మాళి ముందు ఒక లారీ అడ్డం పడింది. బావ కుడి కిటికీలోంచి తల బయటపెట్టి "ఎల్లు" అన్నాడు. జుట్టు ఎగురుతూ, మోచెయ్యి కిటికీ మీద ఆనించి కూర్చున్నాడు. నేను ఆ సీట్లో ఎప్పుడూ అలా కూర్చోలేదు. అదీ అతనికే నప్పింది.

నిమ్మాడ దగ్గర నాన్నకు బాగా కనపడాలని వేగం బాగా తగ్గించి హారను కొట్టాను. టీ బడ్డీ రోడ్డుకు కుడిపక్క. నాన్న లేచి నిలబడ్డాడు. ఆయనకూ నాకూ మధ్య బావ ఉన్నాడు, కిటికీ నిండా. నేను ముందుకు వంగాను. నాన్న చూపు కుడివైపు కిటికీ దాటి లోపలికి రాలేదు. టైరులో ఎంత గాలి ఉండాలో లెక్క కట్టినవాణ్ణి, ఇది మాత్రం ఆలోచించలేదు. ఇంతలో బావ, అన్నాళ్ళూ మా నాన్నతో మాటలేని బావ, ఏమనుకున్నాడో చేతులు జోడించి దండం పెట్టాడు. ఒక క్షణం ఆగి నాన్న కూడా చెయ్యెత్తాడు. నేను కారు ఆపలేదు. ఆపితే స్టీరింగు ఎటువైపుందో అందరూ చూస్తారు.

తర్వాత ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న మళ్ళీ బడ్డీ దగ్గరే దొరికాడు.

"ఆ రోజు నీకు కారు ఇవ్వనేదేటి?"

"ఇవ్వలేదు నాన్నా."

"పోనీలే. ఆడికీ తోలడం వచ్చీసినట్టుంది. మర్యాదా తెలిసింది." టీ గ్లాసు కింద పెట్టాడు. "నీ కంటే నిదానంగా తోల్నాడు."

బల్ల చివర ఉన్నాయన నా వైపు తిరిగాడు. "నువ్వే నేర్పుంటావు."

"అవును. నేనే," అన్నాను.